జానెడు జెండా

అమ్మ కాగితాన్ని ఎప్పుడూ నమ్మలేదు.
సుద్దముక్కతో గుడ్డమీద గీసిందే లెక్క.

పాత చాకలిపేటలో, రైలుగేటు పక్క సందులో,
ఒకే కిటికీ ఉన్న గది. కిటికీ మిషనుది.
నా పుస్తకాలు మిషను కింద.
కరెంటు పోయిన రాత్రులు ఇద్దరం
ఒకే కొవ్వొత్తిని అటూ ఇటూ జరుపుకునేవాళ్ళం.

ఆ ఏడు పొన్నురంగం దుకాణం నుంచి జెండాల పని.
షాపుల ముందు తాడుకి గుచ్చి వేలాడదీసే
మూడుమూలల ముక్కలు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ.
అంచుకి మూరెడు. మూడంచులూ మడిచి కుట్టాలి.
జెండాకి నాలుగు రూపాయలు.

ఆడి తగ్గింపులు మొదలయ్యేసరికి మాట మారింది.
"చిన్నవి కావాలి వరదమ్మా. అంచుకి జానెడు చాలు.
ముక్కకి రూపాయి."
మూరలో సగం జాన,
నాలుగులో సగం రెండు కదా, అంది అమ్మ.

ఆయన నవ్వి, ఒక పెద్ద జెండా బల్లమీద పరిచి
అంచుల నడిమధ్యన చుక్కలు పెట్టి కలిపాడు.
లోపల తలకిందులుగా ఒక ముక్క,
చుట్టూ మూడు, నిలబడి.
కత్తెరతో కోసి ఒకదానిమీద ఒకటి పేర్చాడు.
మూల మూలకి, అంచు అంచుకి,
దారప్పోగంత తేడా లేదు.
"ఒక పెద్దదాంట్లో నాలుగు చిన్నవి.
గుడ్డ పావు, కూలీ పావు. అన్యాయం ఎక్కడుంది?"

ఒప్పుకోవాలి, నాకు ఆయన లెక్క ముచ్చటేసింది.
ఆ వారమే హేమావతి టీచరు బోర్డుమీద అదే బొమ్మ వేసింది:
నాలుగూ సర్వసమానం, నాలుగూ పెద్దదానికి సరూపం,
భుజం సగమైతే వైశాల్యం పావు.
"ఆయన చెప్పింది కరెక్టేనమ్మా" అన్నాను.
బస్సులో అమ్మ నాతో మాట్లాడలేదు.
టిక్కెట్టు మాత్రం నాక్కూడా తీసింది.

మూడో రాత్రికి దారపు కండె అయిపోయింది.
ఎప్పుడూ ఆరు రోజులొచ్చే కండె.
గుడ్డ మాత్రం ఎప్పటంతే తరిగింది.
అమ్మ ఖాళీ కండెని కొవ్వొత్తి దగ్గర పట్టుకుని
కన్నంలోంచి నన్ను చూసింది.
"నీ పుస్తకంలో దారం గురించి ఏముంది?"

వెతికాను. ఏమీ లేదు.
నేలమీద కూర్చుని చేతులతో కొలిచాం.
పెద్దదాని చుట్టూ మూడు మూరలు.
చిన్నదాని చుట్టూ మూడు జానలు, నాలుగింటికి పన్నెండు.
పన్నెండు జానలంటే ఆరు మూరలు.
అదే గుడ్డ. రెండింతల కుట్టు.
కత్తెర నడిచిన ప్రతి గీతా
రెండు అంచులై విడిపోయింది,
ఆ తలకిందుల ముక్కకొకటి, దాని పక్కదానికొకటి.
ఇక మూలలు. మూడున్నచోట పన్నెండు.
మూల దగ్గర కాలు ఆపి, సూది దించి, గుడ్డ తిప్పి,
మళ్ళీ తొక్కే ఆ క్షణానికి
జానా లేదు, మూరా లేదు.

శనివారం దుకాణంలో అమ్మ లెక్క చెప్పలేదు.
రెండు దారాలు తీసింది.
ఒకటి పెద్ద జెండా చుట్టూ తిప్పి తెంపింది,
రెండోది నాలుగు చిన్నవాటి చుట్టూ.
బల్లమీద పక్కపక్కన పరిచింది.
మొదటిది బల్ల చివర ఆగిపోయింది.
రెండోది బల్ల దిగి, గచ్చుమీద జారి,
పొన్నురంగం చెప్పుల దగ్గర చుట్టుకుంది.
ఆయన చెప్పుల వైపే చాలాసేపు చూశాడు.
"రూపాయిన్నర."
"దారం మీదే" అంది అమ్మ.
కుర్రాణ్ణి పిలిచి పది కండెలు కట్టించాడు.
తెల్లవి. మాకు కావలసింది చిలకపచ్చ.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది.
ఒకటికి నాలుగు అని రాశాను, మూడుకి మూడు మార్కులు.
పేపరు ఇంటికి తెస్తే అమ్మ
నా త్రిభుజం చుట్టూ గోటితో మెల్లగా గీసి
అడిగింది,
"మడతకి ఎంత వదిలారు?"